సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు కొనే ముందు ఏం చూసుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: కాకినాడ దగ్గర మీరూ మీ బావగారూ కలిసి ఇంజిన్‌తో సహా ఒక పాత ఫైబర్ బోటు కొందామనుకుంటున్నారు. అమ్మే ఆయన "కాగితాలన్నీ ఉన్నాయి, డబ్బు ముట్టాక పేరు మార్పిస్తాను" అంటున్నాడు. నమ్మొచ్చా?

మాది విశాఖ హార్బరు. మా ఇంట్లో తాతల నాటి నుంచీ వేటే. నేను కొని అమ్మిన బోట్లు ఉన్నాయి, చుట్టాల కోసం వెళ్లి చూసిపెట్టినవి ఇంకా ఎక్కువ. నా మాట ఒకటే: పేరు మారాకే పూర్తి డబ్బు ఇవ్వండి. దానికి ఆయన నసిగితే బేరం అక్కడితో ఆపేయండి, ఎంత తక్కువకి వస్తున్నా సరే.

ముందు ఆర్‌సీ ఒరిజినల్ అడగండి, జిరాక్స్ వద్దు. సముద్రంలో వేటాడే బోట్ల రిజిస్ట్రేషన్ ఇప్పుడు రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఉంటుంది. 2008లో ముంబయి మీద దాడి చేసినవాళ్లు 'కుబేర్' అనే గుజరాత్ చేపల బోటును పట్టుకుని అందులోనే వచ్చారు. ఆ తర్వాతే ఏ బోటు ఎవరిదన్న లెక్క గట్టిగా చూడటం మొదలైంది. మన నంబర్లు ఐఎన్‌డీ, ఏపీ అని మొదలవుతాయి, ఆ తర్వాత జిల్లా కోడ్, దాని పక్కన బోటు రకం. పెద్ద మరబోటుకు ఎంఎం, మీరు చూస్తున్నలాంటి చిన్న ఇంజిన్ బోటుకు ఎంఓ. ఇంజిన్ లేని బోటుగా రిజిస్టర్ చేయించి, తర్వాత ఇంజిన్ బిగించి అమ్మేవాళ్లూ ఉంటారు. అందుకని ఆ రెండక్షరాలు చూడకుండా ముందుకు పోకండి.

ఆ నంబరు పట్టుకుని మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్లండి. అంతకంటే ముందు ఆ ఊరి సచివాలయంలో మత్స్య సహాయకుణ్ని కలవండి. ఏటా వేట నిషేధం రోజుల్లో ప్రభుత్వం ఇచ్చే సాయం కోసం బోట్లు లెక్కించేది వాళ్లే కాబట్టి, ఆ రేవులో ఏ బోటు ఎవరిదో తెలిసి ఉంటుంది. యజమాని ఎవరు, లైసెన్సు ఎప్పటిదాకా ఉంది, బ్యాంకు లోను ఉందా, రాయితీ మీద వచ్చిన బోటా, ఈ నాలుగూ అడగండి. రాయితీ సంగతి తేలిగ్గా తీసుకోకండి. మత్స్య సంపద యోజన కింద జనరల్ వాళ్లకి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి 60 శాతం దాకా ఖరీదు ప్రభుత్వమే ఇచ్చిన బోట్లున్నాయి. అలాంటి బోటు అయితే మంజూరు ఉత్తర్వు చూపించమనండి. అమ్ముకునే వీలుందో లేదో ఆఫీసులోనే అడిగి తెలుసుకోండి.

ఇక బోటు దగ్గరికి వెళ్లినప్పుడు. ఒకసారి మా పిన్ని కొడుకు కోసం ఒక బోటు చూడ్డానికి వెళ్లాం. ఒళ్లంతా ఉప్పుగాలికి వెలిసిపోయి ఉంది, ముక్కు దగ్గర నంబరు రాసిన చోట మాత్రం నీలం రంగు నిగనిగలాడుతోంది. యజమానిని అడిగి, గరుకు కాగితంతో ఓ మూల మెల్లగా రుద్దాను. అడుగున పాత తెల్ల అక్షరం అంచు బయటపడింది. ఇంకాస్త రుద్దితే టీఎన్ అని తేలింది, తమిళనాడు బోటు. టేపు పెట్టి కొలిస్తే ఆర్‌సీలో ఉన్న పొడవుకీ దీనికీ అడుగుకి పైనే తేడా. చివరికి తెలిసిందేమిటంటే, ఎప్పుడో విరిగిపోయిన వాళ్ల పాత బోటు నంబరు తెచ్చి దీని మీద రాశారు. అది దొంగబోటు అని నేను అనను, అక్కడ డబ్బిచ్చే కొని ఉండొచ్చు. కానీ అక్కడి రిజిస్ట్రేషన్ రద్దు చేయించలేదు, అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌వోసీ) తేలేదు. రేపు మెరైన్ పోలీసులు సముద్రంలో ఆపితే జవాబు చెప్పుకోవాల్సింది కొన్నవాడే. మేం కొనలేదు. మీరూ టేపు తీసుకెళ్లండి.

ఇంజిన్ నంబరు ఆర్‌సీతో కలవకపోయినా కంగారు పడక్కర్లేదు. ఉప్పునీళ్లకి ఇంజిన్లు త్వరగా పోతాయి, మార్చడం మామూలే. మార్చిన ఇంజిన్ బిల్లు ఉందా, అది ఎవరి పేరు మీద ఉంది అన్నది చూడండి. ఇంజిన్‌కి బిగించిన రేకు మీద నంబరొక్కటే కాకుండా ఇంజిన్ బ్లాకు మీద కొట్టిన నంబరు కూడా చదవండి. దాన్ని ఎవరైనా అరగదీసి ఉంటే వెనక్కి వచ్చేయండి.

అసలు టెన్షన్ అంతా ఏ కాగితంలోనూ లేని బాకీలతో. మన రేవుల్లో వలలకీ డీజిల్‌కీ చాలామంది సావుకారు దగ్గరే అడ్వాన్సు తీసుకుంటారు, దానికి బదులు సరుకంతా అతనికే వేయాలి. బోటు చేతులు మారినా ఆ బాకీ బోటునే అంటుకుని ఉంటుందని సావుకారు నమ్మకం. మీరు మొదటి వేట చేసుకొచ్చి ఒడ్డుకి చేర్చగానే గంపల పక్కన వచ్చి నిలబడతాడు. చట్టప్రకారం అతనికి హక్కుందా లేదా అని అక్కడ ఎవరూ వాదించరు, మీ చేపలు మాత్రం మెత్తబడిపోతాయి. కాబట్టి తెల్లవారుజామున వేలంపాట జరిగే వేళకి, అమ్మేవాణ్ని వెంటబెట్టుకోకుండా రేవుకి వెళ్లండి. ఐసు వేసేవాళ్లని, వలలు బాగుచేసేవాళ్లని, ఆ బోటు మీద పనిచేసిన కలాసీలని పలకరించండి. కలాసీలకే ఇవ్వాల్సిన బాకీలుంటాయి, వాళ్లు దాచరు. ఒప్పంద పత్రంలో "ఈ తేదీ వరకు ఉన్న బాకీలన్నీ అమ్మినవాడివే" అని రాయించి, ఆ ఊరి పెద్దల్ని సాక్షులుగా పెట్టండి. మత్స్యకార గ్రామాల్లో స్టాంపు పేపరు కంటే పెద్దల ముందు అన్న మాటకే బరువెక్కువ.

పేరు మార్పు ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2023 నవంబరు 19 రాత్రి మా హార్బరులో మంటలు లేచి నలభై దాకా బోట్లు పోయాయి. చాలావాటికి బీమా లేదు. బోటు విలువలో 80 శాతం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అలాంటి రోజున రికార్డులో పేరున్నవాణ్నే యజమాని అంటారు, చేతిలో ఒప్పంద పత్రం ఒక్కటే ఉన్నవాడు ఆయన దయ మీద ఆధారపడాలి. డీజిల్ రాయితీ కూడా రికార్డును బట్టే. అమ్మే ఆయనకీ ఇదే మాట చెప్పండి: పేరు మారకపోతే, రేపు మేం సముద్రంలో ఏ చిక్కులో పడ్డా పోలీసులు ముందు నీ ఇంటికే వస్తారని. చాలామంది ఈ మాటకి దారికొస్తారు.

తొందర లేకపోతే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్నప్పుడు చూడండి. బోటు ఇసుక మీద ఉంటుంది కాబట్టి అడుగుభాగం పూర్తిగా కనిపిస్తుంది. సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్లండి. ఫైబర్ పొరలు విడిపోయిన చోట శబ్దం మొద్దుగా వస్తుంది. అన్నీ సరిపోతే కొద్దిగా బయానా ఇచ్చి, మిగతాది పేరు మార్పు పూర్తయిన రోజు ఆఫీసు దగ్గరే చేతికివ్వండి.