అన్న సెలవుకు మారిన శనివారం

ఉత్తరం: మాది పాకాల దగ్గర పల్లె. నా వయసు 42. మూడెకరాల్లో వేరుశనగ వేశాం. ఈసారి పెరటాసి నెల మూడో శనివారం మా ఇంట్లో తళిగ, అంటే వేంకటేశ్వర స్వామికి దీపం పెట్టి నైవేద్యం సమర్పించే పూజ. ఆ రోజు తప్పితే మరో 10 రోజుల దాకా కూలీలు దొరకరని తేలడంతో అమ్మ వద్దన్నా వినకుండా చెట్టు పీకించాను. దీపం పెట్టే వేళకు స్నానం చేసి వచ్చి కూర్చున్నాను కూడా. మంగళవారం రాత్రి పెద్ద వాన. కొన్ని కాయలు ఇంటికి చేరాయి, మిగతా కుప్పలు తడిశాయి. స్వామి పనిని కాదని పొలంలో దిగినందుకే ఇలా అయిందని అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. నేను ఇంట్లో ఉంటే అన్నానికి కూర్చోదు. బెంగళూరులో ఉండే అన్న తళిగకు వచ్చి ఆదివారం పొద్దున్నే వెళ్లిపోయాడు. వాన సంగతి విని, తప్పు చేశావని ఫోనులో అన్నాడు. నాన్న పోయినప్పటి నుంచి సేద్యం నాదే. పంపకాలు కాలేదు కాబట్టి పంట డబ్బులో సగం అన్నకు పంపుతాను. మామూలుగా మా తళిగ మొదటి శనివారమే. అన్నకు సెలవు దొరకలేదని ఈసారి మూడో వారానికి మార్చారు. నా వల్ల నిజంగా అపచారం జరిగిందా? తిరుమలలో తలనీలాలు ఇస్తే చాలా, ఇంకేమైనా పరిహారం చేయాలా?

జవాబు: పరిహారం మాట ముందే తేల్చేస్తాను. మీరు చేయవలసింది ఏమీ లేదు. తలనీలాలు ఇవ్వాలని మనసులో ఉంటే కాయలు అమ్ముకున్నాక కొండకు వెళ్లి సంతోషంగా ఇచ్చి రండి. జరిమానా కడుతున్నట్టు మాత్రం ఇవ్వకండి.

తొండమాన్ చక్రవర్తి బంగారు పూలతో పూజ చేస్తే, వాటిని పక్కకు నెట్టి స్వామి పాదాల దగ్గర మట్టి పూలు కనిపించిన కథ మీ అమ్మగారికి నాకంటే బాగా తెలిసి ఉంటుంది. ఆ పూలు కుమ్మరి భీముడివి. గుడికి వెళ్లే తీరిక లేక, సారె దగ్గర కూర్చున్నచోటే చేతికి అంటిన మట్టితో పూలు చేసి సమర్పించుకున్నాడు. ఇప్పటికీ కొండ మీద స్వామికి కొత్త మట్టి ఓడులో నైవేద్యం పెడతారు. పని వదిలి రాలేని కుమ్మరిని అంతగా ఆదరించిన దేవుడు, పక్వానికి వచ్చిన చేను పీకించినందుకు మీ మీద వాన కురిపించాడంటే నేను నమ్మను. మీరూ నమ్మవద్దు.

వాన సంగతి మీకు నేను చెప్పాలా? మన దగ్గర ఎక్కువగా వేసే గుత్తి రకాల గింజకు నిద్రావస్థ, అంటే ముదిరాక కొన్నాళ్లు మొలకెత్తకుండా ఆగే గుణం, ఉండదు. కాయ ముదిరాక నేలలో తేమ తగిలితే చెట్టున ఉండగానే మొలక వస్తుంది. వాన రాకుండా నేల బిగుసుకుపోతే పీకినప్పుడు కాయలను చెట్టుకు పట్టి ఉంచే ఊడలు తెగి కాయలు భూమిలోనే ఉండిపోతాయి. మీరు కాయ పగలగొట్టి, పెంకు లోపలి వైపు నల్లబడిందని చూసుకునే కూలీలను పిలిచి ఉంటారు. ఆ రోజు పీకించబట్టే కొన్ని కాయలైనా ఇంటికి చేరాయి. 10 రోజులు ఆగి ఉంటే ఆ తడికి చేనంతా మొలకెత్తే ప్రమాదం ఉండేది. తడిసిన వాటిలో బూజు పట్టిన కాయలను వేరు చేసి పారేయండి. నష్టం కాస్త తగ్గుతుందని వాటిని ఇంట్లో వాడడం, పశువులకు వేయడం చేయకండి. ఆ బూజు విషం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తళిగ మారిన సంగతి మీరు ఉత్తరం చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. పెరటాసిలో ఏ శనివారమైనా స్వామిదే. మీ ఇంటి ఆనవాయితీ మొదటి శనివారం. అప్పటికి చేను కోతకు రాదు కాబట్టి మీ పెద్దలు తళిగకూ పంటకూ పోటీ లేకుండా ఏర్పాటు చేసుకున్నారు. ఆ పోటీ ఈ ఏడాది మీ అన్న సెలవు వల్ల వచ్చింది. పెద్దకొడుకు లేకుండా దీపం పెట్టడానికి మీ అమ్మకు మనసు ఒప్పలేదు, అందులో తప్పు లేదు. ఒక కొడుకు ఉద్యోగం కోసం జరిగిన తళిగ రెండో కొడుకు పంట కోసం ఇంకో వారం ఎందుకు జరగలేదు? "ఎలాగూ మార్చాం కదమ్మా, నాలుగో శనివారం పెట్టుకుందాం" అని మీరు అన్నారా? అన్నట్టు ఉత్తరంలో లేదు. నాకు తెలిసి మీరు అనలేదు. రోజు మార్చమని అడిగే హక్కు ఆ ఇంట్లో మీ అన్నకే ఉందని మీరు ఎప్పుడో ఒప్పేసుకున్నారు. నోరు తెరిచి అడగలేక అమ్మ మాట మీరి పొలానికి వెళ్లారు. ఆవిడకు కోపం ఎందుకు వచ్చిందో ఇప్పుడు ఆలోచించండి. నామం పెట్టిన చెంబుతో వాడంతా తిరిగి గోవిందా అని బియ్యం అడిగి తెచ్చుకున్న మనిషి, పిండి దీపాలు చేస్తూ పొద్దంతా మీ కోసం వాకిలి వైపే చూసి ఉంటుంది. ఇద్దరు కొడుకులూ పక్కపక్కన ఉండాలని రోజు మార్చుకుంటే, ఇంట్లో ఉండే కొడుకే దీపం వేళకు గానీ రాలేదు.

మీ అన్న గురించి మెత్తగా మాట్లాడడం నాకు చేతకావడం లేదు. శనివారం తళిగ ప్రసాదం తిన్న మనిషి ఆదివారం కుప్పల దగ్గర కూర్చుని నాలుగు గంపల కాయలు తెంపి ఉంటే అవి తడిసేవి కావు. అది చేయకుండా బెంగళూరు చేరుకుని, తడిసిన పంటకు మీ తప్పే కారణమని చెప్పడం అన్యాయం. తండ్రి తర్వాత అన్నే తండ్రి అని నేనూ నమ్ముతాను. ఆ స్థానం కావాలనుకునేవాడు నష్టం వచ్చిన రోజున తమ్ముడి పక్కన నిలబడాలి.

పంట డబ్బులో సగం పంపుతాను అన్నారు. ఖర్చులు పోగా సగమా, చేతికి వచ్చిన మొత్తంలో సగమా? రాయలేదంటే మొత్తంలో సగమే అయి ఉంటుంది. భూమిలో మీ అన్నకు వాటా ఉంది, దాన్ని ఎవరూ కాదనరు. ఆ వాటాకు మీ ఊళ్లో నడుస్తున్న కౌలు ఎంతో అంత ఇవ్వండి. లేదా విత్తనం, దుక్కి, జిప్సం, కలుపు, మందులు, కూలీలు అన్నీ తీసేసి మిగిలినదాంట్లో సగం ఇవ్వండి. ఆ ఖర్చుల్లో మీ కూలీ, మీ భార్య కూలీ కూడా వేయండి. ఇంత పెద్ద ఉత్తరంలో ఆవిడ ఊసే లేదు. ఆ శనివారం తెల్లవారుజామున లేచి ఒక పొయ్యి మీద మడితో తళిగకు, ఇంకో పొయ్యి మీద కూలీలకు వండింది ఆవిడే అయి ఉంటుంది. ఏం చేద్దామని ఈ ఉత్తరం రాసే ముందు ఆవిడను ఒక్కసారైనా అడిగి ఉండవలసింది.

లెక్క అడిగితే అన్నదమ్ములు విడిపోతారని మీకు భయం. లెక్క లేకుండా ఇన్నేళ్లు గడిచాక ఒక్క వానకే మీరిద్దరూ ఎక్కడ ఉన్నారో చూడండి. మీ పిల్లలు పెద్దయి వాటాల కోసం కూర్చున్న రోజున ఇంతకంటే చేదుగా ఉంటుంది. అమ్మ ఉండగానే, మీకింకా అన్న మీద ప్రేమ ఉండగానే మాట్లాడుకోవడం మంచిది.

అమ్మతో మాత్రం వాదించవద్దు. దేవుడి మాటా, డబ్బు మాటా, అన్న మాటా ఎత్తవద్దు. మీరు ఉంటే ఆవిడ భోజనానికి కూర్చోదు కాబట్టి కంచం తీసుకెళ్లి ఆవిడ ముందు పెట్టండి. ఆవిడ తినేదాకా ఆ పక్కనే నేల మీద కూర్చోండి. మొదటి రోజు తినకపోతే రెండో రోజూ అలాగే చేయండి. తల్లి దగ్గర తగ్గడం వల్ల మగవాడి గౌరవం ఏమీ పోదు. ఆవిడ మాట్లాడాక, "నీ మాట వినకుండా నిన్ను నొప్పించాను, వచ్చే ఏడాది తళిగ మొదటి శనివారమే పెడదాం, అన్న వీలైతే వస్తాడు" అని ఒక్క మాట అనండి. ఇద్దరు కొడుకుల్లో ఎవరివైపు అని ఆవిడను అడిగే పరిస్థితి ఎప్పుడూ తేవద్దు.

అన్నతో మాట్లాడవలసింది మీరే. అమ్మ చేతా, వదిన చేతా, ఊరి పెద్దల చేతా చెప్పించకండి. దీపావళికి ఆయన వస్తే ఖర్చుల పుస్తకం ముందు పెట్టి కూర్చోండి. రాకపోతే ఫోనులో పద్దులు ఒక్కొక్కటీ చదివి వినిపించండి. వాన నష్టంలో కూడా సగం ఆయనదేనని ఆ లెక్కలోనే చెప్పండి. ఆయనకు కోపం వస్తుంది, కొన్నాళ్లు ఫోను ఎత్తకపోవచ్చు. మీరు తిరిగి కోప్పడకండి. డబ్బు పంపే రోజు వచ్చినప్పుడు ఖర్చులు తీసేసి, మిగిలినదాంట్లో సగం లెక్క కాగితంతో సహా పంపండి.