ర్యాంప్ మీద చూసింది సగమే

చి॥ హరితకు,

పెద్దమ్మ ఆశీస్సులు. డిజైనర్ల కలెక్షన్ల గురించి, కొత్తగా వస్తున్న లేబుల్స్ గురించి రాయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన రెండు రాతలూ చదివాను. రంగుల మీద నీకు మంచి కన్ను ఉంది. కానీ రెండింట్లోనూ ఒక్క బట్ట పేరు లేదు. "అందమైన పచ్చ లెహెంగా" అన్నావు, "తేలిపోతున్న గౌను" అన్నావు. ఆ పచ్చది రా సిల్కా, ఆర్గాంజానా, పాలిస్టరా? గౌను అలా తేలడం బట్ట గుణమా, కటింగ్ గుణమా? చదివేవాళ్లు నీ దగ్గరికి వచ్చేది అది తెలుసుకోవడానికే. ఫోటో వాళ్లకూ కనిపిస్తుంది కదా.

బొటిక్‌ల కోసం బట్ట కొనడం, కటింగ్ మాస్టర్ల దగ్గర కూర్చుని కుట్టించడం, ఇదే నా జీవితమంతా. అందుకే నీకు గట్టిగా చెప్పగలిగేది ఒక్కటే. బట్ట దగ్గర మొదలుపెట్టు. డిజైన్ గురించి ఆ తర్వాత మాట్లాడు.

ముందు షో చూడటం సంగతి. మార్చిలోనూ అక్టోబరులోనూ లాక్మే ఫ్యాషన్ వీక్, జులైలో ఢిల్లీలో ఇండియా కూచర్ వీక్ జరుగుతాయి. కూచర్ అంటే చేతిపనితో చేసే ఖరీదైన దుస్తులు. వీడియోలన్నీ ఫోన్‌లోకే వస్తాయి. ఒకసారి మామూలుగా చూడు. రెండోసారి సౌండ్ తీసేసి చూడు. మ్యూజిక్, లైటింగ్, చివర్లో వచ్చే సినిమా తార, ఇవన్నీ కలిసి మామూలు బట్టను కూడా గొప్పగా చూపిస్తాయి. సౌండ్ తీసేశాక మోడల్ నడక, కింద అంచు కదిలే తీరు కనిపిస్తాయి. మోడల్ వెనక్కి తిరిగినప్పుడు వీపు వైపు తప్పకుండా చూడు. ముందు వైపు మీదే శక్తంతా పెట్టేసి వెనక ఒక జిప్పు పెట్టి వదిలేసే డిజైనర్లు చాలామంది ఉన్నారు. చేయి పైకెత్తినప్పుడు జాకెట్ మొత్తం లేస్తోందా, చేయి ఒక్కటే లేస్తోందా? చంక దగ్గర కటింగ్ తెలిసిన మనిషి చేశాడా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

అయినా వీడియో చూసి తీర్పు చెప్పకు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో డిజైనర్ స్టోర్లు బోలెడు. కొత్త లేబుల్స్ వాళ్లు ఎగ్జిబిషన్లలో స్టాల్స్ పెడతారు. అక్కడికి వెళ్లి ఆ బట్ట చేతికి తీసుకో. కొనకపోయినా పర్వాలేదు, చూస్తామంటే ఎవరూ కాదనరు. లోపలి వైపు తిప్పు. కుట్టు పక్కన వదిలిన బట్ట ఎంతుంది? వేలెడు వదిలితే ఆ డ్రెస్ రేపు ఒళ్లు చేసినా విప్పి వాడుకోవచ్చు. కత్తిరించిన అంచు పోగులు ఊడకుండా మడిచి కుట్టారా, ఓవర్‌లాక్ చేసి వదిలేశారా? లైనింగ్ బట్ట పై బట్టతో పాటు సాగుతుందా, లేక పట్టేస్తుందా? మగ్గం వర్క్ ఉంటే వెనక ముడులు ఎలా ఉన్నాయో చూడు, అవి ఒంటికి గుచ్చుకుంటాయా అని అరచేత్తో రాసి చూడు. పెళ్లిలో నాలుగు గంటలు దాన్ని కట్టుకుని కూర్చోవాల్సిన అమ్మాయి తరఫున నువ్వు చూస్తున్నావని అనుకో.

ఇక్కత్ విషయంలో ఇంకాస్త నెమ్మదిగా చూడమంటాను. మన దగ్గర నేసే బట్ట కాబట్టి దాని గురించి తప్పు రాస్తే మనకే చిన్నతనం. ఇక్కత్‌లో డిజైన్ బట్ట మీద వేసేది కాదు. నేయకముందే పోగుల్ని లెక్కప్రకారం కట్టలుగా కట్టి, రంగు పట్టకూడని చోట గట్టిగా చుట్టి, అద్దకం చేసి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగు వేస్తారు. ఆ పోగు మగ్గం మీద తన చోట పడితేనే బొమ్మ తేలుతుంది. పడుగు (నిలువు పోగు), పేక (అడ్డ పోగు) రెండింటికీ ఇలా చేస్తే అది డబుల్ ఇక్కత్. పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అలాంటిదే. నూలుకు నూనె పట్టించడం వల్ల దానికి ఆ పేరు. ఈ పనికి ముందు పోగును ఆసు పోయాలి. మేకుల చట్రం మీద వేల సార్లు చేయి అటూ ఇటూ తిప్పాలి, ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేసేవారు. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఏ కలెక్షన్‌లోనైనా ఇక్కత్ కనిపించగానే మూడు చూడాలి. మొదటిది, అది నిజంగా ఇక్కతేనా. రెండు వైపులా రంగు ఒకేలా ఉండి, గీత అంచు కొద్దిగా చెదిరినట్టుంటే నేత. వెనక వైపు వెలిసినట్టుండి గీత కత్తితో కోసినంత నున్నగా ఉంటే ప్రింట్. రెండోది, డిజైనర్ దాన్ని ఎలా కత్తిరించారు. కుట్టు దగ్గర ఇటు డైమండ్‌కీ అటు డైమండ్‌కీ కలిసిందా? అలా కలపాలంటే బట్ట ఎక్కువ పోతుంది, ఖర్చు పెరుగుతుంది. కలిపినవాళ్లకు నేతంటే గౌరవం ఉంది. దాన్ని పేరు పెట్టి మెచ్చుకో. మూడోది, క్రాస్ కట్ చేశారా, అంటే బట్టను ఏటవాలుగా కోశారా. క్రాస్‌లో కోసిన ఇక్కత్ సాగి, బొమ్మ వంకర పోతుంది. కావాలనే అలా చేసి అందం తెచ్చినవాళ్లూ ఉన్నారు, తెలియక చేసినవాళ్లూ ఉన్నారు. అంచు వేలాడే తీరు చూస్తే తేడా తెలుస్తుంది.

కలంకారీ సంగతి క్లుప్తంగా. శ్రీకాళహస్తిది కలంతో గీసేది, మచిలీపట్నం, పెడన వైపుది అచ్చులతో అద్దేది. రెండింటినీ కలిపి రాయకు. స్క్రీన్ ప్రింట్ వేసి కలంకారీ అని అమ్మే బట్టను ఆ పేరుతో అసలు పిలవకు. అసలుదానికి కరక్కాయ, పాలు పట్టించి ఉంటారు, కొత్త బట్టకు ఆ వాసన కాసింత ఉంటుంది. ఉప్పాడ జామ్దానీలో బూటాలను, అంటే చిన్న బొమ్మలను, మగ్గం మీదే చేత్తో నేస్తారు. అది కనిపిస్తే వెనక వైపు తిప్పు. బూటాకీ బూటాకీ మధ్య పోగులు వేలాడకూడదు, కత్తిరించిన మొదళ్లు ఉండకూడదు. ఉంటే అది జకార్డ్, అంటే యంత్రం సాయంతో బూటా నేసింది.

ఇక పేరున్న డిజైనర్లను ఎలా చదవాలి? ఒక్క సీజన్ చూసి కాదు. రాహుల్ మిశ్రాను తీసుకో. మొదట్లో కేరళ చేనేతతో రెండు వైపులా వేసుకోగలిగే డ్రెస్సులు చేశాడు. 2014లో మిలాన్‌లో, ఉన్ని బట్టతో చేసే డిజైన్‌కు ఇచ్చే ఇంటర్నేషనల్ వూల్‌మార్క్ ప్రైజ్ గెలిచాడు, అది గెలిచిన మొదటి భారతీయుడు ఆయనే. 2020 జనవరిలో పారిస్ హోట్ కూచర్ వీక్‌లో చూపించాడు, అక్కడా మొదటి భారతీయుడు. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే బహుమతుల జాబితా అవుతుంది. వరసలో పెట్టి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. ఆయన ఎప్పుడూ చేతిపనికి ఎక్కువ గంటలు పట్టే బట్టనే ఎంచుకున్నాడు. చూసేవాడికి పువ్వులూ ఆకులూ కనిపిస్తాయి, వాటి వెనక ఉన్నది పని చేసే చేతులకు ఎక్కువ రోజుల కూలి దొరకాలన్న ఆలోచన. నాకు ఆయన కూచర్‌లో కొన్ని మరీ నిండిపోయినట్టు అనిపిస్తాయి, కంటికి ఆగే చోటు దొరకదు. అయినా ఆ ఆలోచనను నేను గౌరవిస్తాను. నువ్వూ అలా రెండూ రాయొచ్చు. ఇష్టపడిన డిజైనర్‌లో కూడా నచ్చనిది చెబితేనే నీ మెప్పుకు విలువ.

మన ఊరి గౌరంగ్ షాను కూడా అలాగే చూడు. జామ్దానీని తీసుకుని రకరకాల ప్రాంతాల నేతల్లో కలిపాడు, రవివర్మ చిత్రాలను ఖాదీ చీరల మీద నేయించాడు. చీరను కత్తిరించకుండా, చీరగానే ఉంచి కలెక్షన్ చేయడం సులువు కాదు. అక్కడ కటింగ్ చూపించడానికి ఏమీ ఉండదు, నేత ఒక్కటే మాట్లాడాలి. 'మహానటి' సినిమాకు వచ్చిన జాతీయ అవార్డు నీకు గుర్తుండే ఉంటుంది. కాస్ట్యూమ్స్ అవార్డు ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు ముగ్గురికీ కలిపి ఇచ్చారు. చాలామంది రాసేటప్పుడు ఒక్క పేరుతో సరిపెట్టేస్తారు. నువ్వు అలా చేయకు. ఎవరు ఏం చేశారో కనుక్కుని అందరి పేర్లూ రాయి.

పేర్ల సంగతి చిన్నది కాదమ్మా. 2025 జూన్‌లో మిలాన్‌లో ఇటలీ లేబుల్ ప్రాడా మగవాళ్ల షోలో కొల్హాపురి చెప్పుల్లాంటివే నడిచాయి. వాటిని మామూలు తోలు చెప్పులన్నట్టు చెప్పారు తప్ప కొల్హాపూర్ మాట లేదు. కొల్హాపురికి 2019లోనే జీఐ గుర్తింపు, అంటే పుట్టిన ప్రాంతం పేరుకు చట్టం ఇచ్చే రక్షణ, వచ్చింది. మన దేశంలో గట్టిగా అడిగాక, ఆ చెప్పులకు స్ఫూర్తి ఇక్కడి చేతిపనే అని కంపెనీ ఒప్పుకుంది. అడిగినవాళ్లలో నీలాంటి మామూలు ఫ్యాషన్ అభిమానులూ ఉన్నారు. అంత పెద్ద లేబుల్‌నే అడగగలిగినప్పుడు, హైదరాబాద్‌లో నీ పక్కనున్న లేబుల్‌ను "ఇది ఎక్కడ నేశారు?" అని అడగడానికి మొహమాటం ఎందుకు?

ఇప్పుడు కొత్త లేబుల్స్. ఇక్కడ నీ మాటకు బరువెక్కువ, అందుకే జాగ్రత్త కూడా ఎక్కువ కావాలి. సబ్యసాచి లాంటి పెద్ద డిజైనర్ గురించి నువ్వేం రాసినా ఆయనకు వచ్చేదీ పోయేదీ లేదు. నిన్నగాక మొన్న నిఫ్ట్ ఫ్యాషన్ కాలేజీ నుంచి బయటికొచ్చి, అమ్మ నగలు తాకట్టు పెట్టి ఇద్దరు టైలర్లతో మొదలుపెట్టిన అమ్మాయికి నీ నాలుగు వాక్యాలు నెల వ్యాపారం. అలాగని ఉత్త పొగడ్త రాయమనడం లేదు. మొదటి కలెక్షన్‌లో తెలిసినదంతా చూపించేస్తారు. ఇక్కత్, జర్దోసి, ప్లీట్స్, కోర్సెట్, అన్నీ ఒకే చోట. దాన్ని తప్పుపట్టకు, గమనించి పెట్టుకో. మూడో కలెక్షన్‌లో ఏం వదిలేశారో చూడు, అప్పుడు ఆ డిజైనర్ ఎవరో తెలుస్తుంది. సంజయ్ గర్గ్ 2008లో రా మ్యాంగో అనే లేబుల్ మొదలుపెట్టి, మధ్యప్రదేశ్ నేత అయిన చందేరీలో చేసిన పని నాకు ఇప్పటికీ ఇష్టం. బుటీలు తగ్గించి, ఖాళీ వదిలి, రంగుకు చోటిచ్చాడు. అంతకుముందు చందేరీని అమ్మమ్మల చీర అనుకున్న అమ్మాయిలు దాన్ని కట్టడం మొదలుపెట్టారు. కొత్తవాళ్లలో అలా తగ్గించగల ధైర్యం కనిపిస్తే పది మందికి చెప్పు.

కలెక్షన్ వెనక ఆలోచన ఇదీ అని వాళ్లిచ్చే కాన్సెప్ట్ నోట్‌ను నీ మాటల్లోకి దించుకోకు. "ప్రకృతితో సంభాషణ" లాంటి మాటలు బట్ట గురించి ఏమీ చెప్పవు. సస్టైనబుల్ (పర్యావరణానికి హాని చేయనిది) అని రాసి ఉంటే అడుగు. ఏ రంగు వాడారు, నూలు ఎక్కడిది, కటింగ్‌లో మిగిలిన ముక్కలు ఏమవుతున్నాయి? "వీవర్స్‌తో పని చేస్తాం" అంటే నేరుగా నేతగాడితోనా, మాస్టర్ వీవర్ ద్వారానా? మన దగ్గర చాలాచోట్ల నూలు ఇచ్చేది, కూలి ఇచ్చేది మాస్టర్ వీవరే. డిజైనర్ ఆయన్ని కలిసి ఫోటో దిగితే మగ్గం మీద కూర్చున్న మనిషిని కలిసినట్టు కాదు. కూలి ఎంత అని అడిగితే చెప్పేవాళ్లు చెబుతారు. చెప్పనివాళ్లను బలవంతం చేయకు.

ఒక సంగతి చెప్పాలి, ఇప్పటికీ మనసులో ఉంది. ఒక లేబుల్ నా ద్వారా తానులు నేయించింది. రంగు శాంపిల్‌కు కొద్దిగా తేడాగా ఉందని మొత్తం వెనక్కి పంపేసింది. చేత్తో వేసిన అద్దకంలో లాట్‌కీ లాట్‌కీ తేడా రాకుండా ఉండదు, ఆ మాట ముందే చెప్పాను. నష్టమంతా నేసినవాళ్ల మీద పడింది. అప్పటి నుంచి కొత్త లేబుల్ వాళ్లు ఎవరొచ్చినా మొదట అడిగేది అదే: అడ్వాన్స్ ఎంత ఇస్తారు, రంగు తేడా వస్తే ఎవరు భరిస్తారు? నువ్వు కూడా అడుగు. షో బాగా చేసినవాళ్లకంటే ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పినవాళ్లే ఎక్కువకాలం నిలబడటం నేను చూశాను.

సైజులు కూడా చూడు. ఎక్స్‌ఎస్, ఎస్, ఎం దగ్గర ఆగిపోయే లేబుల్ మన ఇళ్లలో సగం మందికి బట్టలు కుట్టడం లేదన్నమాట. ఎవరైనా డ్రెస్ ఉచితంగా పంపితే ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయి.

ఇక రాయడం. నీ పచ్చ లెహెంగాను నేనైతే ఇలా రాస్తాను: "ముదురు ఆకుపచ్చ రా సిల్క్. నడుము దగ్గర కుచ్చులు దట్టంగా పెట్టారు, కింద బరువైన అంచు వేశారు. అందుకే మోడల్ తిరిగినప్పుడు ఘేరా (లెహెంగా చుట్టు వెడల్పు) ఒక్కసారిగా విచ్చుకోలేదు, కాస్త ఆగి కదిలింది. బ్లౌజ్ మాత్రం ఆ బరువుకు తగ్గట్టు లేదు, మెడ దగ్గర బట్ట లేచిపోతోంది." నువ్వు రాసినదానికంటే ఇది గొప్పగా ఏమీ లేదు. కాకపోతే చదివినవాళ్లకు బట్ట కళ్ల ముందుకొస్తుంది, టైలర్‌కు చూపిస్తే అర్థమవుతుంది. నచ్చింది అన్న చోట ఎందుకో రాయి. వావ్, స్టన్నింగ్ లాంటి మాటలు వచ్చినచోటల్లా కొట్టేసి, అక్కడ కుట్టో నేతో కొలతో పెట్టు. అందరికంటే ముందు పోస్ట్ చేయాలన్న టెన్షన్ పెట్టుకోకు. షో అయిన రాత్రి పెట్టే వంద పోస్టుల కంటే, వారం తర్వాత స్టోర్‌లో బట్ట పట్టుకుని చూసి రాసింది ఒక్కటి మేలు.

ఈ అక్టోబరులో ఒక పెద్ద డిజైనర్‌ను, ఒక కొత్త లేబుల్‌ను మాత్రం ఎంచుకో. దానికి ముందు ఒక రోజు వీలు చూసుకుని పుట్టపాక వెళ్లు, హైదరాబాద్ నుంచి పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. నేసేవాళ్ల ఇంట్లో కూర్చో, ఆసు దగ్గర నుంచి అన్నీ చూడు, తోచింది అడుగు. మగ్గం మీదున్న డిజైన్‌ను మాత్రం అడగకుండా ఫోటో తీయకు. తీయమన్నా సరే, ఆ చీర బయటికి రాకముందు ఎక్కడా పెట్టకు. అది ప్రింట్ బట్ట చేసేవాళ్ల కంట పడితే ఆ ఇంటివాళ్ల నెలల పని వారంలో ప్రింటయి బజారుకొస్తుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ