ఇన్‌ఛార్జ్ హెచ్‌ఎం అయ్యే ముందు ఏ కోర్సు చేయాలి?

ఎనిమిదేళ్ల సర్వీసు తర్వాత జూన్ నుంచి ఇన్‌ఛార్జ్ హెచ్‌ఎంగా ఉండమంటున్నారు, ఏ కోర్సు చేస్తే పనికొస్తుంది అని అడిగారు మేడమ్. కోర్సుల సంగతి ముందు చెప్పేస్తాను. 2020 జాతీయ విద్యా విధానం టీచర్లకూ హెచ్‌ఎంలకూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంటుంది. టీచర్ల కోసం కేంద్రం పెట్టిన నిష్ఠా శిక్షణ కోర్సుల్లో పాఠశాల నాయకత్వం మీద మాడ్యూల్ ఉంది, చేయండి. రెగ్యులర్ ప్రమోషన్ కావాలంటే డిపార్ట్‌మెంటల్ పరీక్షల్లో 88, 97, 141 పేపర్లు ఇంకా పాస్ కాకపోతే ఈసారే ఫీజు కట్టేయండి.

నాకు పని నేర్పింది మాత్రం ఒక కాగితం. ప్రత్తిపాడు వైపు జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడిని. ఒకరోజు మా తెలుగు మాస్టారిని లీజర్ పీరియడ్‌లో నా ఏడో తరగతి భిన్నాల పాఠానికి వచ్చి వెనక కూర్చోమన్నాను. పాఠం బాగుందో లేదో వద్దు, నేను ఎవరెవరిని ప్రశ్న అడుగుతున్నానో రాయండి చాలన్నాను. బెల్ కొట్టాక కాగితం చేతికిచ్చారు. 34 మందిలో ఆరుగురి పేర్లు. అందరూ ముందు రెండు బెంచీల వాళ్లే! కిటికీ పక్కన కూర్చునే పిల్ల పేరేమిటో నాకు హాజరుపట్టీ చూస్తే గానీ గుర్తు రాలేదు. అది డిసెంబరు నెల. ఎంత బాధపడ్డానో చెప్పలేను.

తర్వాతి వారం నేను ఆయన క్లాసులో కూర్చున్నాను. మెల్లగా అయిదుగురం అయ్యాం.

ఇన్‌ఛార్జ్ అయ్యాక ఇదే నన్ను నిలబెట్టింది. మాకు ఫిబ్రవరి, మార్చిల్లో మిరప కోతలు. తల్లులు కూలికి పోతే పెద్దాడపిల్లలు చంటివాళ్లను చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతారు. ఒకరి క్లాసు ఒకరం చూసినవాళ్లం కదా, స్టాఫ్ మీటింగ్‌లో ఎవరికీ దాపరికం లేదు. ఏ పిల్ల ఏ పాఠం దగ్గర ఆగిందో పేర్లతో మాట్లాడుకున్నాం. కూలీల ఆటోలు తిరిగొచ్చే వేళకి ఇద్దరిద్దరం వెళ్లి తల్లులతో మాట్లాడాం, చంటివాళ్లను అంగన్‌వాడీకి పంపేలా ఒప్పించాం. ఎనిమిదో తరగతిలో మానేసిన తొమ్మిది మందిలో అయిదుగురు తిరిగొచ్చారు. మిగతా నలుగురి కోసం ఇంకా ముందే, సంక్రాంతి సెలవులకు ముందే కదలాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. హెచ్‌ఎం కుర్చీలో కూర్చోగానే నోటుబుక్ పట్టుకుని వాళ్ల క్లాసుల్లోకి వెళ్లకండి. తనిఖీ అనుకుని టెన్షన్ పడతారు, పాఠం కూడా మీకోసమే చెబుతారు. ముందు వాళ్లను మీ క్లాసుకు పిలవండి. జూన్‌లో వద్దు, అడ్మిషన్లు, పుస్తకాలు, కిట్ల పంపిణీతో ఊపిరాడదు. జూలైలో మొదలుపెట్టండి. ఆఫీసు పని ఎంత ఉన్నా ఒక్క సెక్షన్ అయినా మీ చేతిలో ఉంచుకోండి మేడమ్. క్లాసే లేకపోతే ఎవరినైనా ఎక్కడికని పిలుస్తారు?

మీ సబ్జెక్టు ఏదో రాయలేదు. చెబితే ఆ కాగితంలో ఏమేం రాయించుకోవాలో వివరంగా రాస్తాను.