‘ఎక్స్‌రే కిరణాలు’ అనొచ్చా?

సందేహం: ఎలుక గుండెను కోయకుండా లోపలంతా త్రీడీలో చూసే పద్ధతి గురించి వ్యాసం రాస్తున్నాను. ‘కండకు అయోడిన్ రంగు వేశాక ఎక్స్‌రే కిరణాలు దాన్ని త్రీడీలో చూపిస్తాయి’ అని రాస్తే మా మాస్టారు ‘రే అంటేనే కిరణం కదా’ అన్నారు. కండ, రంగు అనే మాటల కింద కూడా గీతలు పెట్టారు. ఎందుకు?

సమాధానం: కిరణం రెండుసార్లు వచ్చిన మాట నిజమే కానీ, అదేమంత పెద్ద తప్పు కాదు. పోర్చుగీసువాళ్ల ‘పావ్’ అంటేనే రొట్టె, మనం దానికి ఇంకో రొట్టె తగిలించి పావురొట్టె అనుకున్నాం. నడిసెంటర్ కూడా అంతే.

నా అభ్యంతరం వేరు. 1895లో రాంట్‌జెన్ అవి ఏ కిరణాలో తెలియక ఎక్స్ అన్నాడు, ఆ పేరే నిలిచిపోయింది. మన నోట్లో మాత్రం ఎక్స్‌రే అంటే కిరణం కాదు, ‘తీసేది’, కవర్లో పెట్టి ఇచ్చేది, డాక్టరు వెలుతురుకు ఎత్తి చూసేది. అంటే బొమ్మ. ఒక్క బొమ్మలో ముందున్నదీ వెనకున్నదీ ఒకదానిమీద ఒకటి పడిపోతాయి, లోతు తెలియదు. అందుకే గుండెను కొంచెం కొంచెంగా తిప్పుతూ వందల బొమ్మలు తీస్తారు, వాటి నుంచి కంప్యూటర్ పొరలు పొరలుగా లోపలి రూపాన్ని కడుతుంది. కాబట్టి బొమ్మకు ఎక్స్‌రే, కిరణానికి ఎక్స్ కిరణం అని విడదీసి రాయండి. క్ష-కిరణం అన్నా సరే.

కండ అంటే కండరం ఒక్కటే. గుండె గోడ కండే, కవాటాలు కావు. కొవ్వు, నరాలు, రక్తనాళాలు అన్నీ కలిసి రావాలంటే మృదు కణజాలం అనే మాటే కావాలి.

అన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టింది రంగు. మెత్తటి భాగాల్లో ఎక్కువగా ఉండేవి హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ లాంటి తేలిక మూలకాలు, ఎక్స్ కిరణాలు వాటిలోంచి సులువుగా దూరిపోతాయి. ఎముకలో కాల్షియం ఉంది గనక కనబడుతుంది. అయోడిన్ వాటికంటే చాలా బరువైన మూలకం, పరమాణు సంఖ్య 53, అందుకే కిరణాలను బాగా ఆపుతుంది, పైగా అన్ని కణజాలాలూ దాన్ని ఒకేలా పీల్చుకోవు, అందుకే వాటి మధ్య తేడా తెలుస్తుంది. ఆ గోధుమరంగు మన కంటికే తప్ప కిరణానికి లెక్కలేదు. చేపముక్కకు ఉప్పూకారం పట్టించినట్టు అయోడిన్ లోపలిదాకా ఎక్కాలి, అందుకని ‘పట్టించడం’ అనండి.

‘అయోడిన్ పట్టించిన మృదు కణజాలాన్ని ఎక్స్ కిరణాలతో త్రీడీలో చూడొచ్చు’ అని రాస్తే చాలు. త్రీడీని త్రిమితీయం చెయ్యక్కర్లేదు, అందరికీ తెలిసిన మాటే.