మెడికల్ పదాలు బట్టీ పట్టే ముందు ఒకసారి లేచి నిలబడు

ప్రశ్న: మేడమ్, నేను ఈమధ్యే ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సులో చేరాను. క్లాసులో రోజూ కొత్త పదాల చిట్టా ఒకటి ఇస్తున్నారు. రాత్రి బట్టీ పడితే పొద్దున్నకి సగం ఎగిరిపోతున్నాయి. మీడియల్ ఏదో, లేటరల్ ఏదో ఇప్పటికీ తికమకే. మెడికల్ కోడింగ్‌కి మారిపోతే ఇంత టెన్షన్ ఉండదని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: కోడింగ్ సంగతి ముందు తేల్చేద్దామమ్మా. అక్కడికి వెళ్తే ఈ పదాలు నిన్ను వదిలిపెడతాయని ఎవరు చెప్పారో గానీ, నిజం దానికి పూర్తిగా రివర్స్. కోడర్ పని జబ్బుల్ని, చికిత్సల్ని బిల్లు కోసం కోడ్ నంబర్లుగా మార్చడం; అతనికి రోగి కనబడడు, కనబడేది డాక్టర్ రాసిన నోట్స్ ఒక్కటే, కాబట్టి పదాల మీద పట్టు ఇంకా ఎక్కువే కావాలి. అమెరికా బిల్లింగ్‌లో వాడే ఐసీడీ-10-సీఎం అనే జబ్బుల కోడ్‌ల జాబితాలో మణికట్టు దగ్గర కుడి రేడియస్ ఎముక విరిగిందనుకో, ఫలానా రకం అని రాయకపోతే కోడ్ ఎస్52.501తో మొదలవుతుంది, అదే ఎడమ చెయ్యయితే ఎస్52.502. ఒక్క అంకె మారితే చెయ్యే మారిపోయింది. మారాలనుంటే మారు, తప్పులేదు, కానీ పదాలకి భయపడి మాత్రం మారకు.

ఇక నీ తికమక. మీడియల్, లేటరల్ గుర్తుండకపోవడానికి కారణం నీ జ్ఞాపకశక్తి కాదు, నువ్వు నిలబడే తీరు. కుర్చీలోంచి లేచి నిటారుగా నిలబడు, ముఖం ఎదురుగా, చేతులు పక్కలకి దించి, అరచేతులు ముందుకి తిప్పు. దీన్నే అనటామికల్ పొజిషన్ అంటారు. రోగి టేబుల్ మీద బోర్లా పడుకున్నా, పక్కకి తిరిగి ముడుచుకున్నా, శరీరంలో దిక్కులన్నీ ఈ భంగిమ నుంచే లెక్కపెడతారు. చాలామంది పొరబడేది అరచేతుల దగ్గరే, ఎందుకంటే మామూలుగా నిలబడితే అవి తొడల వైపు ఉంటాయి, బొటనవేలు ముందుకి వస్తుంది. అరచెయ్యి ముందుకి తిప్పావనుకో, బొటనవేలు బయటి వైపుకి పోతుంది, అంటే శరీరం నడిమి గీతకి దూరంగా, అది లేటరల్. చిటికెన వేలు ఒంటి వైపుకి వస్తుంది, అది మీడియల్. ఇప్పుడు ముంజేతిలో బొటనవేలి వైపు ఉన్న రేడియస్ లేటరల్ ఎముక ఎందుకైందో, చిటికెన వేలి వైపున్న అల్నా మీడియల్ ఎందుకైందో బట్టీ పట్టక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది.

యాంటీరియర్, పోస్టీరియర్ అంటే ముందు, వెనక; సుపీరియర్, ఇన్ఫీరియర్ అంటే పైన, కింద. వీటితో ఎవరికీ పెద్దగా ఇబ్బంది ఉండదు. ప్రాక్సిమల్, డిస్టల్ దగ్గర మాత్రం కాసేపు ఆగు. ఇవి ఎక్కువగా కాళ్లూ చేతుల విషయంలో వాడతారు, మొండేనికి అతుక్కున్న చోటుకి దగ్గరైతే ప్రాక్సిమల్, దూరమైతే డిస్టల్. మరి మోచెయ్యి ప్రాక్సిమలా, డిస్టలా? అలా అడగడమే తప్పు. మణికట్టుతో పోలిస్తే ప్రాక్సిమల్, భుజంతో పోలిస్తే డిస్టల్. దిక్కు చెప్పే ప్రతి పదానికీ దేనితో పోల్చి అన్నది వెనకే ఉంటుంది, దాన్ని వదిలేసి పదం ఒక్కటే రాసుకుంటున్నావు కాబట్టే అది నిలవట్లేదు.

కుడి ఎడమలు ఎప్పుడూ రోగివే, నీవి కావు. ఛాతీ ఎక్స్‌రేలో గుండె నీ కుడిచేతి వైపు కనిపిస్తుంది, అది రోగికి ఎడమ. 'గుండె ఎటుందో చూస్తే సరిపోదా, కుడి ఎడమ మార్కర్ ఎందుకు' అని, అంటే ఫిల్మ్ మీద ఏ వైపో చెప్పే గుర్తు ఎందుకని, ఎవరైనా అంటే వినకు. కొద్దిమందికి గుండె పుట్టుకతోనే కుడి వైపు ఉంటుంది, డెక్స్‌ట్రోకార్డియా అంటారు, మార్కర్ లేకపోతే గుండె అటుందా, ఫిల్మే తిరగబడిందా అని చెప్పేవాళ్లు ఉండరు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన సర్జరీ చెక్‌లిస్ట్‌లో కూడా కోత పెట్టే ముందు రోగి పేరు, చేసే ఆపరేషన్, ఏ చోట అన్నది గదిలో అందరూ నోటితో చెప్పి సరిచూసుకోవాలని పెట్టారు. అనుభవం ఉన్న సర్జన్లకే అంత జాగ్రత్త అవసరమైంది మరి!

ఇప్పుడు రిపోర్టులోంచి ఒక వాక్యం చూద్దాం: 'ఫ్రాక్చర్ ఆఫ్ ద డిస్టల్ ఎండ్ ఆఫ్ ద లెఫ్ట్ రేడియస్ విత్ డోర్సల్ డిస్‌ప్లేస్‌మెంట్'. లెఫ్ట్, అంటే రోగి ఎడమ చెయ్యి. రేడియస్, బొటనవేలి వైపు ఎముక. డిస్టల్ ఎండ్, మణికట్టు దగ్గరి కొస. డోర్సల్, ఇక్కడ అరచేతి వెనక వైపు, విరిగిన ముక్క అటు జరిగింది. నీ చేతిమీద వేలు పెట్టి చూపించుకుంటూ రెండుసార్లు చదివితే నాలుగు పదాలు ఒకేసారి వచ్చేస్తాయి, పైగా కలిసి వచ్చాయి కాబట్టి కలిసే గుర్తుంటాయి.

జబ్బుల పేర్లకి పద్ధతి వేరు. వాటిని విరగ్గొట్టి చదవాలి. చివర 'ఐటిస్' ఉంటే వాపు, మంట, అంటే ఇన్‌ఫ్లమేషన్: అపెండిసైటిస్, ఆర్థ్రైటిస్. అయితే ఇన్‌ఫ్లమేషన్ అంటే ప్రతిసారీ ఇన్‌ఫెక్షన్ అనుకోకు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో క్రిమి ఏదీ ఉండదు, శరీరం తన కీళ్ల మీద తానే దాడి చేసుకుంటుంది. 'ఈమియా' వస్తే రక్తానికి సంబంధించింది, 'యూరియా' వస్తే మూత్రానికి. 'ఆటమీ' అంటే కోసి తెరవడం, 'ఎక్టమీ' అంటే తీసెయ్యడం, 'ఆస్టమీ' అంటే బయటికి దారి పెట్టడం. ఈ మూడూ కలిపి నేర్చుకో, విడివిడిగా నేర్చుకుంటే తప్పకుండా కలగాపులగం అవుతాయి. 'ఓమా' అంటే గడ్డ అని మీ నోట్సులో ఉండే ఉంటుంది. లైపోమాకి సరిపోతుంది, అది కొవ్వు గడ్డ, హాని లేనిది. కానీ లింఫోమా క్యాన్సర్, హెమటోమా ఏమో ఒకచోట పేరుకున్న రక్తం, గ్లకోమా అయితే గడ్డే కాదు, కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు. ముక్కలు సగం దూరమే తీసుకెళ్తాయి, మిగతా సగం డిక్షనరీ తెరిచి చూసుకోవాల్సిందే.

అక్యూట్ అనగానే తీవ్రమైనదని రాసేస్తారు పిల్లలు. కాదు, హఠాత్తుగా మొదలైంది, సాధారణంగా కొద్దికాలమే ఉండేది అని. మామూలు జలుబు కూడా అక్యూటే. క్రానిక్ అంటే నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండేది. సింప్టమ్ రోగి చెప్పేది, సైన్ మనం చూసేదో కొలిచేదో. తలనొప్పి సింప్టమ్, జ్వరం 102 ఉందని థర్మామీటర్ చూపిస్తే అది సైన్.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. హైపర్, హైపో. గట్టిగా మాట్లాడే వార్డులో, ఫోన్‌లో, మాస్క్ వెనక నుంచి ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. హైపోగ్లైసీమియా అంటే షుగర్ పడిపోయింది, వెంటనే గ్లూకోజ్ అందాలి; హైపర్‌గ్లైసీమియా అంటే పెరిగింది. అనుమానం వస్తే 'ఎక్కువా సార్, తక్కువా?' అని మామూలు మాటల్లో తిరిగి అడుగు. అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనీ.

చదవడం ఎలాగంటే, క్లాసు చిట్టాని అలాగే ఎత్తి రాసుకోవడం మానేసి, నోట్‌బుక్‌లో ఒక్కో పేజీ ఒక్కో ముక్కకి ఇవ్వు. 'ఐటిస్' పేజీ, 'హైపో' పేజీ, అలా. కొత్త పదం వచ్చినప్పుడల్లా దాని పేజీలోకి చేరుస్తూ పో, వారం తిరిగేసరికి కొత్తగా కనిపించేవి తగ్గిపోతాయి. దిక్కుల పదాలు మాత్రం పుస్తకంలో రాయకు, నిలబడి నోటితో చెప్పు, ఒళ్లు తడుముకుంటూ. డబ్బులు కట్టి యాప్ కొనాల్సిన పనేమీ నాకు కనబడలేదు. శాజిటల్, కరోనల్, యాక్సియల్ ప్లేన్లు, అంటే శరీరాన్ని నిలువుగానో అడ్డంగానో కోసినట్టు ఊహించుకునే తలాలు, ఇప్పుడే మీద వేసుకోకు, సీటీ క్లాసులు మొదలయ్యాక బొమ్మలతో వస్తే ఇట్టే పడతాయి.

నోట్‌బుక్ చివరి పేజీలు మాత్రం ఖాళీగా ఉంచుకో, జంట పదాల కోసం. ఇలియం రెండున్నాయి, ఒకటి చిన్నపేగు చివరి భాగం, ఇంకోటి తుంటి ఎముక పై భాగం, వినడానికి ఒక్కటే, స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా: పేగుకి నడుమ 'ఈ', ఎముకకి 'ఐ'. మొదటి ఎంట్రీ అదే పెట్టుకో.