అప్‌డేట్ కొట్టే ముందు

చిరంజీవి చిన్నోడికి, కడప నుంచి చిన్నాయన ఆశీస్సులు.

సోనీ వాళ్ల చేతి గేమ్ యంత్రం పీఎస్‌పీ ఆటల్ని ఫోన్‌లో ఆడించే ఎమ్యులేటర్ యాప్ ఉంది కదా, ఆ పీపీఎస్‌ఎస్‌పీపీకి అప్‌డేట్ వచ్చింది, కొట్టమంటావా అని నిన్న ఫోన్‌లో అడిగావు. కొట్టు. కానీ ఇది చదివినాక కొట్టు.

ముందు గేమ్ తెరిచి, దాని మెనూలోకే పోయి సేవ్ చెయ్యి. నువ్వు రోజూ వాడే సేవ్ స్టేట్‌ను నమ్ముకోవద్దు. సేవ్ స్టేట్ అంటే ఆ క్షణంలో ఎమ్యులేటర్ మెమరీ ఎట్లా ఉందో అట్లా దించుకున్న అచ్చు. కొత్త వెర్షన్‌లో లోపలి అమరిక మారితే పాత అచ్చు అందులో కూర్చోకపోవచ్చు. గేమ్ తనంతట తాను రాసుకునే సేవ్ అట్లా కాదు. అసలు పీఎస్‌పీలో మెమరీ స్టిక్ మీద రాసినట్టే రాస్తుంది. అందుకే వెర్షన్ మారినా, ఫోన్ వదిలి కంప్యూటర్‌లో పెట్టుకున్నా తెరుచుకుంటుంది. పీఎస్‌పీ ఫోల్డర్‌లో సేవ్‌డేటా అని ఉంటుంది చూడు, దాన్ని మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకో.

ఏడు రోడ్ల దగ్గర సెల్ రిపేరు అంగడి నడిపే రోజుల్లో ఒక పిల్లోడు వచ్చాడు. ఏదో సైటులో దించుకున్న పీపీఎస్‌ఎస్‌పీపీ ఏపీకే, అంటే యాప్ ఎక్కించే ఫైలు, వేస్తుంటే ఇన్‌స్టాల్ కాలేదని వస్తోంది. నేను పాత యాప్ తీసేసి కొత్తది ఎక్కించాను. తెరిస్తే అంతా ఖాళీ. ఎండాకాలం సెలవులంతా ఆడిన ఆట! వాడు నన్ను ఒక్క మాట అనలేదు. ఫోన్ చేతిలో పట్టుకుని అంగడి మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. ఆ బాధ నాకింకా పోలేదు. సేవ్‌లు యాప్ సొంత ఫోల్డర్‌లో ఉంటే, యాప్ తీసేసినప్పుడు అవీ దాంతోనే పోతాయి. పాతదాని మీద కొత్తది ఎక్కకపోవడానికి తరచూ ఒకటే కారణం, రెండింటి డిజిటల్ సంతకాలు, అంటే యాప్ చేసినవాళ్లు దానికి వేసే గుర్తింపు ముద్రలు, వేరు కావడం. అట్లా వస్తే తీసెయ్యకుండా, ఆ ఏపీకే ఎక్కడిదో చూడు. ప్లే స్టోర్, లేదంటే పీపీఎస్‌ఎస్‌పీపీ డాట్ ఆర్గ్, అంతే.

అప్‌డేట్ అయినాక తెర నల్లగా వస్తే టెన్షన్ పడొద్దు. గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో వల్కన్ ఉంటే ఓపెన్ జీఎల్‌కు మార్చి చూడు, రెండూ తెర మీద బొమ్మ గీసే పద్ధతులే. అప్పటికీ కాకపోతే ఈ యాప్ కోడ్ పెట్టి ఉండే గిట్‌హబ్ సైటులో చెప్పు. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఏ వెర్షన్ దాకా బాగుంది, ఎందులో చెడింది, ఇవన్నీ రాయి. ఉత్తగా "పనిచేయట్లేదు" అని రాస్తే వాళ్లేం చేయగలరు? హెన్రిక్ రిడ్‌గార్డ్ అనే ప్రోగ్రామర్ ఈ యాప్‌ను 2012లో బయటపెట్టినప్పటి నుంచి దీని కోడ్ అందరికీ తెరిచే ఉంది, ఎంతోమంది చెయ్యి వేశారు. నీ రిపోర్టు సరిగ్గా ఉంటే అదీ ఆ పనిలో భాగమే.

ఆదివారం అనంతపురం నుంచి వచ్చేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్ తీసుకురా. ఇక్కడ నా కంప్యూటర్‌లో ఇంకో కాపీ వేసి పెడతాను.

మీ చిన్నాయన