తోస్తే బీరువా జరుగుతుందా, ఒరుగుతుందా?

నిలువుగా పెట్టిన దిమ్మెను పక్కనుంచి తోస్తే ఒకసారి జారుతుంది, ఇంకోసారి ఒరిగి పడుతుంది, ఇందులో ఘర్షణ పనేమిటి అని అడిగారు. బరువు ఎక్కువైతే పడదు కదా అని కూడా అన్నారు. ఇంటర్‌లో ఈ లెక్క చేసి మార్కులు తెచ్చుకున్నవాణ్నే నేనూ. అయినా ఇల్లు మారిన రోజు బీరువా దగ్గర ఒక్క ముక్క గుర్తు రాలేదు.

మాది పాత ఇనుప బీరువా. ఎత్తు 78 అంగుళాలు, వెడల్పు 36, లోతు 19. పాత ఇంట్లో అరిగి నున్నబడిన మొజాయిక్ గచ్చు. ఛాతీ ఎత్తున చేతులు ఆనించి, పక్క రేకు వైపు నుంచి తోసుకుంటూ గదిలోంచి హాల్లోకి నేనొక్కణ్నే తెచ్చేశాను. కొత్త ఫ్లాట్‌లో టైల్స్ మీద గీతలు పడకూడదని ఓనరు గట్టిగా చెప్పడంతో కాళ్లకు రబ్బరు బుష్‌లు వేయించాం. హమాలీలు దాన్ని గోడకు మూరెడు దూరంలో దింపి వెళ్లారు. మూరెడే కదా అని తలుపుల మీద చేతులు పెట్టి, అలవాటుగా ఛాతీ ఎత్తునే తోశాను. కదల్లేదు. ఇంకాస్త బలం పెట్టాను. నా వైపు కాళ్లు రెండూ గాల్లోకి లేచాయి. పైనున్న చిన్న ఇత్తడి బిందె గోడవైపు దొర్లి ఠంగుమని కింద పడింది. బాబాయి "ఒరేయ్, ఆపరా!" అని అరిచాడు. వదిలేస్తే కాళ్లు దభీమని నేలకు తగిలాయి. బిందెకు సొట్ట ఇప్పటికీ ఉంది. టైల్స్‌కు ఏమీ కాలేదు, అదే అదృష్టం.

చప్పుడుకు వెనక్కి వచ్చిన హమాలీ ఒకాయన నన్ను పక్కకు జరగమన్నాడు. నేల మీద చతికిలబడి, వీపును ఎదుటి గోడకు ఆనించి, రెండు పాదాలూ బీరువా అడుగు పట్టీకి పెట్టి కాళ్లు చాచాడు. బుష్‌లు కీచుమంటూ బీరువా నిలువునా వెళ్లి గోడకు ఆనింది.

జరిగింది ఇదీ. మనం పైన ముందుకు తోస్తుంటే, నేల కింద కాళ్లను వెనక్కి పట్టి లాగుతుంది. పైన ఒకవైపు, కింద ఇంకోవైపు లాగితే ఏ వస్తువైనా తిరగాలనే చూస్తుంది, రెండు చేతులతో స్టీరింగ్ తిప్పినట్టు. అంటే ఒరగడానికి సగం సాయం ఘర్షణదే. ఈ తిప్పుడుకు అడ్డం నిలిచేది బీరువా బరువు. బలం పెరిగేకొద్దీ ఆ బరువు గోడవైపు కాళ్ల మీదికి చేరుతుంది. మొత్తం వాటి మీదికి చేరిపోయిందంటే నా వైపు కాళ్లు లేస్తాయి.

నెమ్మదిగా బలం పెంచుకుంటూ పోతున్నాం అనుకోండి. ఘర్షణ పట్టు విడిచేది బలం "మ్యూ ఇంటూ బరువు" అయినప్పుడు (మ్యూ అంటే ఘర్షణ గుణకం, కాళ్లకూ నేలకూ మధ్య పట్టు ఎంతో చెప్పే అంకె). కాళ్లు లేచేది, బరువును అడుగు భాగం తోసే దిశలో ఎంత ఉందో అందులో సగంతో గుణించి తోసే ఎత్తుతో భాగిస్తే వచ్చినంత బలం చేరినప్పుడు. ఈ రెండిట్లో ఏది చిన్నదైతే అదే ముందు జరుగుతుంది. బరువు రెండు వైపులా ఉంది కాబట్టి పోల్చేటప్పుడు కొట్టుకుపోతుంది. మిగిలేది ఒక ఎత్తు మాత్రమే: ఆ అడుగు భాగంలో సగం భాగించు మ్యూ. అంతకన్నా కింద తోస్తే జారుతుంది, పైన తోస్తే ఒరుగుతుంది.

ఇప్పుడు మా బీరువాకు వేద్దాం. మొజాయిక్ మీద మ్యూ 0.3 అనుకుంటే, వెడల్పు వైపు 18 భాగించు 0.3, అంటే 60 అంగుళాలు. నా ఛాతీ ఎత్తు 48. అందుకే బుద్ధిగా జారింది. కొత్త ఇంట్లో తోసింది 19 అంగుళాల లోతు వైపు. పైగా రబ్బరు, మ్యూ 0.7 అనుకోండి. 9.5 భాగించు 0.7, పద్నాలుగు అంగుళాలైనా రాదు. మోకాలి కంటే కింద! హమాలీ పాదాలు పెట్టింది సరిగ్గా అక్కడే. (కాళ్ల మధ్య దూరం 19 కంటే ఇంకాస్త తక్కువే ఉంటుంది, దాన్ని వదిలేశాను.)

ఇక మీరడిగిన బరువు సంగతి. బట్టలు, పుస్తకాలు నింపితే జరపడానికీ ఎక్కువ బలం కావాలి, ఒరగడానికీ ఎక్కువ కావాలి. ఏది ముందు అన్నది మారదు. బరువు పైన ఉందా కింద ఉందా అన్నది కాళ్లు లేచాకే పనికొస్తుంది. గురుత్వ కేంద్రం, అంటే బరువంతా అక్కడే ఉన్నట్టు లెక్కించే చోటు, నడుమ ఉంటే మా బీరువా లోతు వైపు సుమారు 14 డిగ్రీలు వంగేదాకా తిరిగి వెనక్కే వస్తుంది. బరువంతా పై అరల్లో ఉంటే ఆ కోణం ఇంకా తగ్గుతుంది. జోరుగా జారుతూ పోయి గడపకు తన్నుకున్నప్పుడు కూడా పైబరువుతో ప్రమాదమే, కానీ అది ఈ లెక్కలోకి రాదు.

కాళ్ల కింద మడిచిన దుప్పటి వేసి దాన్ని పట్టుకుని లాగుతారు చూడండి, అందులో రెండు లాభాలు. మ్యూ తగ్గుతుంది, లాగే ఎత్తు దాదాపు సున్నా అవుతుంది. గుంజకుండా మెల్లగా లాగితే ఒరిగే ప్రశ్నే రాదు.

నమ్మకం కుదరకపోతే 9 సెంటీమీటర్ల అడుగున్న ఇటుకను నిలబెట్టి, వేలితో కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో సెంటీమీటరు పైన తోస్తూ పోండి. జారడం మాని ఒరగడం మొదలైన ఎత్తు కొలవండి. అది ఏడున్నర వస్తే, 4.5 భాగించు 7.5, మీ గచ్చు మీద ఇటుక మ్యూ 0.6.